టేకు నెక్ ఇంకా రోకలిలాగే ఉంది, ఎంతవరకు చెక్కాలి?

బాల్కనీ_బెంచి (మియాపూర్):
అన్నలూ, పాత ఇంటి దర్వాజా టేకుతో గిటార్ నెక్ (ఎడమచేత్తో పట్టుకునే పొడవాటి మెడ) చెక్కుతున్నా. ఫ్లాట్‌లో చెక్క తొలిచే రౌటర్ మెషీన్ ఆన్ చేస్తే కిందింటివాళ్లు ఊరుకోరు కాబట్టి స్పోక్‌షేవ్ (రెండు పిడుల చిన్న చిత్రిక), రాస్పు (గరుకు పళ్ల చెక్క ఆకురాయి), అంతే. స్కేల్, అంటే మోగే తీగ పొడవు, 25.5 అంగుళాలు. ఫింగర్‌బోర్డుతో (వేళ్లు ఆనే పై పలక) కలిపి మందం మొదటి ఫ్రెట్ (పలక మీది అడ్డ లోహపు కమ్మి) దగ్గర 21 మి.మీ., పన్నెండో ఫ్రెట్ దగ్గర 23. షాపులో కొన్న నా గిటార్‌కీ ఇవే కొలతలు. అయినా పట్టుకుంటే రోకలి పట్టుకున్నట్టుంది. ఇంకో మూడు మి.మీ. తీసేయనా? టెన్షన్‌గా ఉంది.

పాతరందా:
ఆగు తమ్ముడూ! వెనక నడిమి గీత మీద ఇంక చెయ్యి పెట్టకు. మందం బానే ఉంది, చేతికి అడ్డం పడేది భుజాలు. అంటే నడిమి గీతకీ ఫింగర్‌బోర్డు అంచుకీ మధ్య ఉబ్బు. ఆ భుజమంతా పెన్సిల్‌తో గీకెయ్. గీతలు పోయేదాకా రాస్పు పట్టు, మళ్లీ గీకు, మళ్లీ పట్టు. ప్రతిసారీ కళ్లు మూసుకుని ఒక బార్ కార్డ్ (చూపుడువేలితో తీగలన్నీ అడ్డంగా అదిమే పట్టు) పట్టి చూడు.

నేనైతే ముందు మొదటి ఫ్రెట్ దగ్గర, పదో ఫ్రెట్ దగ్గర మాత్రం అట్టముక్క నమూనాకి సరిపోయేలా చెక్కుకుంటా. ఆ రెండింటినీ కలుపుతూ మూలలు ఏటవాలుగా కొడతా, కొత్తగా వచ్చిన మూలల్ని మళ్లీ కొడతా. గుండ్రం చివర్లో దానంతట అదే వస్తుంది. మొదటినుంచీ గుండ్రం చేయబోతే గుంతలే.

ఆరుతీగలు:
ఆ మూడు మి.మీ. నేను తీశాను, ఏమైందో విను. ఫింగర్‌బోర్డు 6, ట్రస్ రాడ్ (నెక్ వంపు సరిచేయడానికి లోపల పెట్టే ఇనుప కడ్డీ) గాడి లోతు 11, మొత్తం 17. నేను మొదటి ఫ్రెట్ దగ్గర 18కి దించా. రాడ్ వెనక మిగిలింది ఒక్క మి.మీ. చెక్క. వాయించడానికి వెన్నలా ఉండేది. వానలు మొదలయ్యాక నెక్ తీగలవైపు వంగింది, రాడ్ బిగించా. టప్! వెనక పగులు, అందులోంచి రాడ్ చివర తొంగి చూస్తోంది. డబుల్ యాక్షన్ రాడ్ (నెక్‌ని రెండు వైపులా వంచగలిగేది) మధ్యలో పైకి లేస్తే చివర్లు వెనక్కి తోస్తాయి కదా. ఆ నెక్‌తో ఇప్పుడు మా పాప క్రికెట్ ఆడుతోంది. నీ గాడి ఎంత లోతో ముందు నెక్ పక్కన గీసి పెట్టుకో.

గురువారం_సంత:
రాస్పు కావాలంటే రాణీగంజ్‌లో చెక్క ఆకురాయి అని అడగండి. ఒక వైపు చదును, ఒక వైపు గుండ్రం ఉన్నది తీసుకోండి, గుండ్రం వైపు నెక్ బాడీతో కలిసే వంపులోకి పనికొస్తుంది. నా స్పోక్‌షేవ్ జుమ్మెరాత్ బజార్‌లో తుప్పుతో దొరికింది, సానరాయి మీద ఒక సాయంత్రం పట్టింది. టేకులో సిలికా ఉంటుంది, పదును ఇట్టే పోతుంది. జిడ్డు కూడా ఎక్కువ, ఫింగర్‌బోర్డు అతికించే ముందు ఎసిటోన్‌తో తుడవాల్సిందే.

వడ్లోళ్ల_పిల్ల:
మా నాన్నది వడ్రంగి పని. రాస్పు గీతలకి ఆయన సాండ్ పేపర్ ముట్టుకోడు, పగిలిన గాజు పెంకు. సరైన వాలులో పెట్టి లాగితే ఉల్లిపొరలాంటి పొట్టు లేస్తుంది. పొట్టు రాకుండా పొడి రాలిందంటే పెంకు మార్చాలి. చేతికి గుడ్డ చుట్టుకోండి మరి. ఇంకోటి, రెండు చివరల వంపుల్లో పీచు దిశ తిరుగుతుంది. అక్కడ స్పోక్‌షేవ్‌ని కూడా తిప్పి పట్టకపోతే పెళ్లలు లేస్తాయి.

బొబ్బిలిలో ఏకాండీ వీణ మొత్తం ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు, మనం రెండడుగుల టేకు ముక్కకి ఇంత చర్చ :)

బాల్కనీ_బెంచి:
అన్నా, భుజాలే! రెండు సాయంత్రాలు పెన్సిల్, రాస్పు. మందం ఇప్పటికీ 21, కానీ రోకలి పోయింది. గాడి కొలిస్తే 10, బతికిపోయా. ఒకటే బాధ, అయిదో ఫ్రెట్ వెనక స్టీల్ స్కేలు ఆనిస్తే కింద సన్నగా వెలుతురు వస్తోంది.

పాతరందా:
చేతికి తగులుతోందా? తగలకపోతే వదిలెయ్. తగిలితే 120 నంబర్ సాండ్ పేపర్ పట్టీ కోసి, బూటు పాలిష్ చేసినట్టు నెక్ చుట్టూ లాగు. గుంత మీద కాదు, దాని అటూ ఇటూ.