పదకొండు కోర్సుల కొరియన్ మెనూ: అది కొరియన్ భోజనమేనా?

జెర్సీ_సిక్కోలు:
పోయిన నెల మా పెళ్ళిరోజుకి మాన్‌హాటన్‌లో ఒక కొరియన్ టేస్టింగ్ మెనూ (చెఫ్ నిర్ణయించిన వంటకాలు ఒక్కొక్కటిగా వడ్డించేది) రెస్టారెంట్‌కి వెళ్ళాం, పేరు వద్దులెండి. వంటలో వంక పెట్టడానికేం లేదు, నా బాధ వేరే. మేం మామూలుగా న్యూజెర్సీలో కొరియన్లు ఎక్కువగా ఉండే పాలిసేడ్స్ పార్క్ వెళ్తాం, అక్కడ కూర్చోగానే బాంచాన్ (నంజుకునే చిన్న చిన్న కూరల) గిన్నెలు టేబుల్ నిండా పరిచేస్తారు, అయిపోతే మళ్ళీ పెడతారు, దానికి వేరే డబ్బులుండవు, మధ్యలో జిగే అనే పులుసు తుకతుకా ఉడుకుతుంటుంది, అన్నం గిన్నె ఒక్కటే ఎవరిది వాళ్ళకి, మిగతాదంతా అందరిదీ. ఇక్కడేమో ఒక్కొక్కళ్ళ ముందు ఒక ప్లేటు, దాంట్లో రెండు ముద్దలు, అది తీసేశాక ఇంకోటి. అన్నం మొహం చూడ్డానికి రెండు గంటలు పట్టింది. కొరియన్ భోజనంలో సగం గొప్పతనం ఆ వడ్డనలోనే ఉందని నేను గట్టిగా నమ్ముతా. వడ్డన తీసేస్తే ఇంక మిగిలేది కొరియన్ సరుకులతో చేసిన ఫ్రెంచ్ డిన్నరే. మీరేమంటారు?

సువోన్_సుధ:
తమ్ముడూ, నేను ఎనిమిదేళ్ళుగా కొరియాలోనే ఉంటున్నా, ఈ మాటతో మాత్రం ఏకీభవించలేను. ఇక్కడి వంటకి ప్రాణం జాంగ్, అంటే పులియబెట్టిన సోయా సాసులు, ముద్దలు. సోయాబీన్స్ ఉడకబెట్టి దంచి దిమ్మలు కట్టి ఆరబెడతారు, వాటిని మేజు అంటారు, ఉప్పునీళ్ళలో నానేసి కొన్ని వారాలయ్యాక వడకడితే నీళ్ళు గాంజాంగ్, ముద్ద దోయెన్‌జాంగ్. తర్వాత ఓంగీ అనే మట్టి జాడీల్లో నెలలు, ఏళ్ళు ఊరాలి. ఈ జాంగ్ పెట్టే పద్ధతికే 2024 డిసెంబర్‌లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సియోల్‌లో మింగిల్స్ అని చెఫ్ కాంగ్ మింగూ రెస్టారెంట్ ఉంది, దానికి 2025లో మూడు మిషెలిన్ స్టార్లు వచ్చాయి, రెస్టారెంట్లకిచ్చే ఆ గుర్తింపులో అదే అన్నిటికన్నా పైది, అక్కడ జాంగ్ ట్రయో అని ఒక డెజర్ట్ ఉంది, దోయెన్‌జాంగ్ క్రెమ్ బ్రూలే, గాంజాంగ్ పట్టించిన పెకన్లు, గోచుజాంగ్ అనే మిరపకారం జాంగ్‌తో పేలాల్లాంటివి, పైన వెనిలా ఐస్‌క్రీమ్. ఆ మూడు జాంగులూ పక్కపక్కనే నాలుక మీద పెట్టుకుంటే వాటి తేడా తెలుస్తుంది, అది జిగేలో కలిసిపోయినప్పుడు నాకెప్పుడూ తెలీలేదు. ఇంకోమాట, మన విస్తట్లో మాత్రం వరస లేదా? పప్పు నెయ్యి, తర్వాత కూర, పులుసు, ఆఖరికి పెరుగు. పెరుగన్నంతో మొదలుపెట్టే వాళ్ళని చూశావా?

జెర్సీ_సిక్కోలు:
అక్కా, జాంగ్ గురించి మీరు చెప్పింది నాకు తెలీదు, థాంక్స్. కానీ విస్తరి పోలిక నా వైపే ఉంది చూడండి. వరస ఉంది నిజమే, కానీ అది తినేవాడి చేతిలో ఉంటుంది, పప్పులోకి ఆవకాయ నంజుకోవాలా వడియం నంజుకోవాలా, చారు రెండోసారి పోయించుకోవాలా అన్నది నా ఇష్టం. కొరియా వాళ్ళు ఆకులో మాంసం ముక్క పెట్టి కాస్త సమ్‌జాంగ్ అనే కారపు జాంగ్ ముద్ద రాసి వెల్లుల్లి రెబ్బ పెట్టి మడిచి తింటారు కదా, ఆ ముద్ద కట్టుకునేది ఎవరికి వాళ్ళే, పక్కవాళ్ళ నోట్లో పెట్టేది కూడా ప్రేమతోనే. టేస్టింగ్ మెనూలో ఆ ముద్దని చెఫే కట్టేసి ఇస్తున్నాడు. నాకు పోయింది అనిపించేది అదే.

పచ్చికూర_పద్మ:
మీ ఇద్దరి వాదనకి అడ్డొస్తున్నాను గానీ నాలాంటి శాకాహారుల సంగతీ చూడండి. ఒక చోట బుకింగ్‌లోనే వెజ్ అని రాశాను, సరేనన్నారు. మూడో కోర్సులో సూప్ తాగేశాక అనుమానమొచ్చి అడిగితే ఎండు నెత్తళ్ళతో కాచిన రసం అన్నారు. కిమ్చీలోనూ చాలాచోట్ల చేపసాసో ఉప్పు రొయ్యలో ఉంటాయి. నాకు ఏడుపొచ్చింది, నిజంగా, పుట్టి బుద్ధెరిగాక నీసు ముట్టుకోలేదు. పోనీ కొరియాలో శాకాహారం లేదా అంటే ఉంది! బౌద్ధ మఠాల భోజనంలో మాంసం, చేపలే కాదు ఉల్లి వెల్లుల్లి కూడా వెయ్యరు, బెక్‌యాంగ్‌సా మఠంలో జోంగ్ క్వాన్ అనే సన్యాసిని వంట తినడానికి పెద్ద పెద్ద చెఫ్‌లే వెళ్తారు. అంత సంపద చేతిలో ఉండి, అంత డబ్బు తీసుకుని, సముద్రపు నాచు, పుట్టగొడుగులతో ఒక రసం కాచలేరా?

సువోన్_సుధ:
పద్మగారూ చాలా బాధేసింది చదివి. "వెజ్" అని మాత్రమే రాస్తే ఇక్కడ కూడా చాలామంది మాంసం ముక్క లేకపోతే చాలనుకుంటారు. చేప, రొయ్య, వాటి రసం, సాసు కూడా వద్దని విడమరిచి రాయండి, వాళ్ళు లిఖితపూర్వకంగా ఒప్పుకుంటేనే డబ్బు కట్టండి.

బెజవాడ_బ్రూక్లిన్:
అందరూ ధర దగ్గర మొహమాటపడుతున్నారు, నేను చెప్తా. తలకి నాలుగొందల డాలర్ల దాకా, దానిమీద న్యూయార్క్ ట్యాక్స్ 8.875 శాతం, సర్వీస్ ఇరవై. ఎక్కువే. అయినా నేను సమర్థిస్తాను. ఫ్రెంచ్ వాడికీ జపాన్ సుషీకీ ఇంత ఇచ్చినప్పుడు ఎవరూ నోరెత్తలేదు, కొరియన్ అనేసరికి "బాంచాన్ ఫ్రీగా వస్తుంది కదా" అంటారు. యిమ్ జుంగ్‌సిక్ అనే చెఫ్ 2009లో సియోల్‌లో రెస్టారెంట్ మొదలుపెట్టి 2011లో ఇక్కడికొచ్చాడు, ఇక్కడి రెస్టారెంట్‌కి మూడో మిషెలిన్ స్టార్ వచ్చేసరికి 2024 డిసెంబర్, అమెరికాలో ఏ కొరియన్ రెస్టారెంట్‌కైనా అదే మొదటిసారి. ఇక్కడే ఉన్న ఇంకో కొరియన్ రెస్టారెంట్ ఆటమిక్స్‌లో ప్రతి కోర్సుతో ఒక కార్డు ఇస్తారు, ఆ వంటకం పేరు కొరియన్‌లోనే, దాని వెనక కథతో సహా. పేరు మార్చి అమ్ముకోలేదు వాళ్ళు. మన వంటకీ ఇదే గతి అన్నా, అన్‌లిమిటెడ్ అని బోర్డు లేకపోతే భోజనం ఖరీదంటాం, గుత్తి వంకాయకి ఎంత చాకిరీ ఉందో మన ఇళ్ళలో ఆడవాళ్ళకి తెలుసు. చవగ్గా దొరకాలన్న పట్టుదల వల్ల ఆ చాకిరీకి విలువ లేకుండా పోతోంది.

జెర్సీ_సిక్కోలు:
ధర విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నా బ్రదర్, గుత్తి వంకాయ అనగానే మా అమ్మ గుర్తొచ్చింది. వడ్డన విషయంలో మాత్రం మారను. ఆ రోజు డెజర్ట్ ముందు చిన్న కుండలో వేడన్నం తెచ్చి, మూడు బాంచాన్ గిన్నెలు మా ఇద్దరి మధ్యలో పెట్టారు. అప్పటిదాకా ప్లేటు వంకే చూస్తూ కూర్చున్నవాళ్ళం ఆ పది నిమిషాలు కబుర్లు చెప్పుకున్నాం, కుండ అడుగున మాడు కోసం పోటీ పడ్డాం. ఆ కుండ మొదటే పెడతానంటే, అదే డబ్బిచ్చి రేపే వెళ్తా.