సౌండెక్స్‌ని నమ్ముకుని తాతల్ని వెతకొచ్చా?

గోదారి మాష్టారు:
మా అల్లుడిది న్యూయార్క్ యూదు కుటుంబం. అమ్మాయి దగ్గరికొచ్చి ఊరికే కూర్చోలేక, అతని ముత్తాతను 1920 అమెరికా జనాభా లెక్కల్లో పట్టుకుందామని దిగాను. ఇంటిపేరు మాస్కోవిట్జ్. ఆ లెక్కల్లో పేర్లు వెతకడానికి సౌండెక్స్ అనే సూచిక ఉంది, పలికే తీరును బట్టి పేరును కోడ్‌గా మారుస్తుంది. సౌండెక్స్‌లో మొదటి అక్షరం అలాగే ఉంచుతారు. తర్వాత అచ్చులు, హెచ్, డబుల్యూ, వై వదిలేసి, మిగతా హల్లులకు 1 నుంచి 6 వరకు అంకె వేస్తారు, పక్కపక్కన ఒకే అంకె పడితే ఒక్కసారే రాస్తారు, మూడు అంకెలు రాగానే ఆపేస్తారు, తక్కువైతే సున్నాలు పెడతారు. అలా వచ్చిన కోడ్ ఎం-232. వారం రోజులు అందులోనే వెతికాను, మనిషి లేడు. చివరికి పెళ్లి సర్టిఫికెట్‌లో ఉన్న వీధి పట్టుకుని షీట్లు చదువుతూ పోతే 38వ వరుసలో కనబడ్డాడు. లెక్కలవాడు డబుల్యూ బదులు వి రాశాడు! వి-కి 1 అంకె ఉంది కాబట్టి కోడ్ ఎం-213 అయిపోయింది. పలికితే ఒకటే పేరు, పెట్టె మాత్రం వేరు. దీన్ని ఉచ్చారణ సూచిక అనడం దేనికి? పేజీలు చదువుకోవడమే మేలు.

లైబ్రరీ లలిత:
మాష్టారూ, మీకు వీధి తెలుసు కాబట్టి సరిపోయింది. 1920లో న్యూయార్క్ జనాభా 56 లక్షలు, పేజీకి 50 వరుసలు. వీధి తెలియనివాళ్లు ఎక్కడని చదువుతారు? 1918లో రస్సెల్ పేటెంట్ తీసుకున్న ఈ లెక్కలో స్మిత్, ష్మిట్ రెండూ ఎస్-530లో పడతాయి, అది చిన్న సాయం కాదు. మీ ఇబ్బంది లాంటి వాటి కోసమే 1985లో డైచ్, మొకొటాఫ్ అనే యూదు వంశవృక్ష పరిశోధకులు ఇంకో పద్ధతి తెచ్చారు. అందులో ఆరు అంకెలు, వి-కీ డబుల్యూ-కీ ఒకటే అంకె.

పాత కాగితం:
మీరిద్దరూ చెవి గురించి కొట్టుకుంటున్నారు, తప్పు కంటిది. 1930ల్లో గుమాస్తాలు ఆ షీట్లు చూసి సౌండెక్స్ కార్డులు రాశారు. పాత కలిపిరాతలో ఎస్, ఎల్ ఒకేలా ఉంటాయి. శాండర్స్ కాస్తా లాండర్స్ అయితే మొదటి అక్షరమే పోయింది, ఇంకేం కోడ్! పైగా ఆ కార్డులు సోషల్ సెక్యూరిటీ అనే ప్రభుత్వ పింఛను కోసం వయసు రుజువుకని మొదలైనవి. అందుకే 1880 జనాభా లెక్కలకి పదేళ్లూ అంతకన్నా చిన్న పిల్లలున్న ఇళ్లకే రాశారు. 1930కి 12 దక్షిణాది రాష్ట్రాలే, వాటిలోనూ రెండింటికి కొన్ని కౌంటీలే. కార్డు లేకపోతే మనిషి లేడని రాసుకోకండి.

డర్బన్ అమ్మాయి:
మా దగ్గర కథ తిరగబడుతుంది. నాయుడు అన్నా నాయిడూ అన్నా, ఇంగ్లీషులో ఎలా రాసినా ఎన్-300 వస్తుంది. ఏం లాభం, సగం ఊరికి అదే ఇంటిపేరు! అసలు దక్షిణాఫ్రికాలోని మా నేటాల్‌కి వచ్చిన కూలీల ఓడ జాబితాల్లో ఇంటిపేరు గడే లేదు. మనిషి పేరు, తండ్రి పేరు, కులం, జిల్లా, ఊరు, ఇలాంటివే. మా ముత్తాత నాకు దొరికింది ఊరి పేరుతో. దాన్నీ వంకరగానే రాశారనుకోండి.

గోదారి మాష్టారు:
నవ్వొచ్చిందమ్మా. నా పేరు విశ్వనాథం. పాస్‌బుక్కులో శ్వ-కి వి, పాస్‌పోర్టులో డబుల్యూ. ఇప్పుడే లెక్కేశాను, ఒకటి వి-215, ఇంకోటి వి-253. రేపు మనవడు వెతికితే నేనూ దొరకను!

లలిత గారూ, ఆ ఆరు అంకెల కోడ్ అమ్మాయి చేత కట్టిస్తాను. అల్లుడి నాయనమ్మ పుట్టింటివాళ్లు ఇంకా మిగిలారు, వాళ్ల వీధి ఎవరికీ తెలీదు.