పైన నడిస్తే కింద కిర్రుకిర్రు: ఏం చేయాలి?

నల్లగొండ_పాతిల్లు: తాతల నాటి ఇల్లు. టేకు దూలాలు, వాటి మీద వాసాలు, ఆపైన చెక్కలు. పైన అన్నవాళ్లు, కింద మేము. పైన ఎవరు అడుగేసినా కింద కిర్రుమంటుంది. బిడ్డకు మార్చిలో ఇంటర్ పరీక్షలు. సౌండ్‌ప్రూఫింగ్ చేయిస్తే ఆగుతుందా?

దేవరకొండ_వడ్లాయన: ముందు కిర్రు ఎక్కడో పట్టుకోండి. ఒకరు పైన నడవాలి, ఒకరు కింద సుద్దముక్క పట్టుకుని గుర్తు పెట్టాలి. చెక్క ఎండి మేకు చుట్టూ సందు వస్తుంది. అడుగు పడ్డప్పుడల్లా మేకుకు రాసుకుంటుంది. అదే మేకును మళ్లీ కొడితే నెల నిలవదు. పక్కన సన్న బెజ్జం వేసి రెండున్నర అంగుళాల స్క్రూతో వాసానికి బిగించాలి. చెక్కకు చెక్క రాసుకునే చోట టాల్కం పౌడర్ చల్లినా కొన్నాళ్లు ఊరుకుంటుంది.

పాలమూరు_స్లాబ్: అంతా దండగ. చెక్క పీకి స్లాబ్ వేయండి. మాకొకాయన థర్మకోల్ పెట్టి 40 వేలు పట్టుకుపోయాడు. ఇప్పటికీ పైన గ్లాసు పడితే నాకు గుండె దడ.

మిర్యాలగూడ_మిల్లు: థర్మకోల్ వేడికైతే సరే, చప్పుడుకు కాదు.

కొల్లాపూర్_కోడలు: చెక్కల మీద ఇసుక పోస్తే?

దేవరకొండ_వడ్లాయన: బరువు చప్పుడును ఆపుతుంది, నిజమే. కానీ 12కు 15 అడుగుల గదిలో రెండంగుళాల ఇసుక పోస్తే 1300 కిలోలు దాటుతుంది. దూలం గోడలో దిగిన చోట చెద ఉందేమో గుచ్చి చూశారా? మాటలు, టీవీ ఆగాలంటే వాసాల మధ్య రాక్‌వూల్ (రాతి నారతో చేసిన దూది లాంటి పరుపు), కింద జిప్సం బోర్డు రెండు పొరలు. అడుగుల చప్పుడు వేరు. దాన్ని పైనే, రబ్బరు షీట్‌తోనో మందపాటి తివాచీతోనో ఆపాలి.

మిర్యాలగూడ_మిల్లు: రెండున్నర అంగుళాల స్క్రూనా? చెక్కే అంగుళంన్నర ఉంటే వాసంలోకి దిగేది అంగుళమేగా!

దేవరకొండ_వడ్లాయన: మూడంగుళాలది వేసుకో తమ్మీ. నేను మీ చెక్క చూశానా?

పాలమూరు_స్లాబ్: స్లాబ్ వేస్తే మీ వడ్రంగి పని పోతుందని భయం!

దేవరకొండ_వడ్లాయన: స్లాబ్ మీద కుర్చీ జరిపితే కింద వినబడదా? గ్లాసు పడితే దడ అన్నది మీరే గదా!

నల్లగొండ_పాతిల్లు: తివాచీ పరవమని వదినను అడిగాను. "మా ఇంట్లో మేం నడవొద్దా" అన్నది.

దేవరకొండ_వడ్లాయన: ఇంతకీ ఆ చెక్కలు ఎవరి వాటా?

నల్లగొండ_పాతిల్లు: గొడవంతా అదే. పంపకాల కాగితంలో పై అంతస్తు అన్నకు, కిందిది నాకు అని రాశారు. అదే చెక్క ఆయనకు నేల, నాకు కప్పు. ఖర్చు సగం పెట్టుకోమంటే "కప్పు నీది, నువ్వే చేయించుకో" అంటాడు. విప్పుతానంటే "నేల నాది, ముట్టొద్దు" అంటాడు.

కొల్లాపూర్_కోడలు: మరి మూడు రోజుల నుంచి స్క్రూ సైజు కోసం ఎందుకు కొట్టుకున్నట్టు?

దేవరకొండ_వడ్లాయన: విప్పకుండానే కింది నుంచి బిగించొచ్చు. వాసానికి ఇనుప ఎల్ పట్టీ పెట్టి, పొట్టి స్క్రూతో చెక్కను కిందికి లాగాలి. మొన పైకి తేలకుండా మందం కొలుచుకోండి. కాకపోతే బిగించేటప్పుడు పైన ఆ చెక్క మీద బరువైన మనిషి ఒకరు నిలబడాలి.

నల్లగొండ_పాతిల్లు: మా అన్న 92 కిలోలు. అడగడానికే నోరు రావడం లేదు.