టీం లీడ్ అయి నాలుగు నెలలు, పిలకాయలు నాతో ఏదీ చెప్పట్లా, ఏం చేయాలి?

మాగుంట_లేఅవుట్_డెవ్:
అందరికీ నమస్తే. మాది నెల్లూరు, చెన్నై కంపెనీకి ఇంట్లోంచే పనిచేస్తా ఉంటా, నెలకోసారి పొద్దున్నే రైలెక్కి ఆఫీసుకు పోయొస్తా. పదకొండేళ్లు కోడ్ రాసినాక ఈమధ్య టీం లీడ్ చేశారు, కింద ఏడుగురు. కోడ్ అంటే భయం లేదు, మనుషుల దగ్గరే ఎట్ట నడుచుకోవాలో తెలీట్లేదు. పోయిన శుక్రవారం రాత్రి మా టీంలో రెండేళ్ల అనుభవం ఉన్న అబ్బాయి టెస్ట్ సర్వర్ అనుకొని క్లయింట్ వాడే అసలు సర్వర్, అదే ప్రొడక్షన్‌లో స్క్రిప్ట్ నడిపేశాడు, ఒక క్లయింట్ ఆర్డర్ల టేబుల్ మొత్తం ఖాళీ. అది జరిగింది తొమ్మిదిన్నరకి, నాకు తెలిసింది పన్నెండుకి పది నిమిషాలు తక్కువప్పుడు, అదీ క్లయింట్ ఫోన్ చేస్తే. అప్పటిదాకా వాడొక్కడే కూర్చొని సరిచేద్దామని చూశాడంట. బ్యాకప్ చూస్తే పాతది దొరికింది, మిగతావన్నీ పేమెంట్ లాగ్ రికార్డుల్లోంచి ఒక్కోటి ఏరి పెట్టేసరికి ఆదివారం సాయంత్రం అయింది.

శనివారం కాల్‌లో క్లయింట్ గట్టిగా అడిగితే నా నోట్లోంచి "మా జూనియర్ తప్పు సార్" అని వచ్చేసింది. వాడూ అదే కాల్‌లో ఉన్నాడు, కెమెరా ఆపేసుకున్నాడు. అప్పట్నుంచి ఏం అడిగినా "ఓకే అన్నా" తప్ప ఇంకో మాట లేదు, మిగతా ఆరుగురూ అట్టనే తయారయ్యారు. ఐటీలో మంచి లీడర్‌కి అసలు ఏం ఉండాలి? కోర్సుల్లో చెప్పే విజన్, కమ్యూనికేషన్ లాంటివి కాదు, నిజంగా పనికొచ్చేది చెప్పండి.

కందుకూరు_అక్క:
తమ్ముడూ, ఆ అబ్బాయి తప్పు కంటే ఆ రెండు గంటల ఇరవై నిమిషాలే నాకు పెద్దగా కనపడతా ఉంది. వాడికి నీకు ఫోన్ చేయాలంటే భయమేసింది, అంటే శుక్రవారానికి ముందే ఏదో జరిగుంటది, నువ్వు ఎప్పుడో రోజూ జరిగే స్టాండప్ మీటింగ్‌లో విసుక్కొని ఉంటావు, నీకు గుర్తు కూడా ఉండదు.

మా నాన్నకి ఉలవపాడు అవతల రొయ్యల చెరువులు ఉండేవి. రాత్రి కరెంటు పోతే నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోతాయి, తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయే టైము, కాపలా మనిషి వెంటనే లేపాలి. మా పక్క చెరువాయన నిద్ర లేపితే బూతులు తిట్టేవాడు. ఒకరోజు జనరేటర్ స్టార్ట్ కాకపోతే కాపలా అతను లేపడానికి జంకి తనే కుస్తీ పట్టాడు, తెల్లారేసరికి రొయ్యలన్నీ గట్టు వెంట తేలినాయి. మా నాన్న మాత్రం ఉత్తినే లేపినా "మంచిపని చేశావబ్బయ్యా" అని టీ పెట్టించేవాడు. పంతొమ్మిదేళ్లు ఐటీలో చేసి నేను ఎన్ని ట్రైనింగ్‌లకి పోయినా టీం నడపడం నేర్చుకుంది ఆ గట్టు మీదే.

2017 జనవరి 31న, జనం కోడ్ దాచుకునే వెబ్‌సైట్ గిట్‌ల్యాబ్ వాళ్లకి అచ్చం నీ కథే జరిగింది. రాత్రిపూట అలిసిపోయి ఉన్న ఇంజనీర్ రెండో డేటాబేస్ సర్వర్ అనుకొని అసలు సర్వర్‌లో ఫోల్డర్ డిలీట్ కొట్టాడు, ఒకట్రెండు సెకన్లలో గుర్తించి ఆపినా 300 జీబీ దాకా ఉన్నది నాలుగున్నర జీబీ మిగిలింది. ఆరు గంటల డేటా పోయింది. వాళ్లు ఆ మనిషిని జనం ముందు నిలబెట్టలా, రిపేర్ చేస్తా ఉండేది యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు, తర్వాత ఏం జరిగిందో పూసగుచ్చినట్టు రాసి బయటపెట్టారు. అందులో తేలిందేందంటే వెర్షన్ తేడా వల్ల రోజూ జరగాల్సిన బ్యాకప్ ఫెయిల్ అవుతానే ఉంది, ఫెయిల్ అయిందని చెప్పే మెయిళ్లు కూడా ఎవరికీ చేరట్లేదు. "ఎవురు చేశారు" దగ్గర ఆగిపోయి ఉంటే ఇది బయటికి వచ్చేదా? నీ బ్యాకప్ ఎందుకు పాతదో ఎవరన్నా చూశారా?

సూళ్ళూరుపేట_వాడు:
అక్క చెప్పింది కరెక్ట్. మా ఊరి కథ ఒకటి చెప్తా, మా నాన్న వాళ్ల తరం అందరికీ నోటికొచ్చు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటలో మొదటి ఎస్‌ఎల్‌వీ-3, ఉపగ్రహాన్ని మోసుకెళ్లే రాకెట్ అది, ప్రాజెక్ట్ డైరెక్టర్ కలాం గారు. చివర్లో కంప్యూటర్ ఆపమని చూపించింది, నిపుణులు పర్లేదంటే ఆయన దాన్ని పక్కనపెట్టి వదిలారు, రాకెట్ బంగాళాఖాతంలో పడింది. చూడు, నిర్ణయం కలాం గారిదే. అయినా ప్రెస్ ముందుకి ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధవన్ గారే పోయి బాధ్యత తన మీద వేసుకున్నారు. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి పోయినప్పుడు మాత్రం "నువ్వెళ్లి మాట్లాడు" అని కలాం గారిని పంపించారు. ఆ మాట కలాం గారు ముసలితనం దాకా ఎన్ని సభల్లో చెప్పారో. షార్, అదే శ్రీహరికోట రాకెట్ కేంద్రం, అప్పుడు మన నెల్లూరు జిల్లానే, 2022లో తిరుపతి జిల్లాకి పోయింది, 2002 నుంచి దానికి ధవన్ గారి పేరే ఉంది. అన్నా, నువ్వు శనివారం చేసింది దీనికి సరిగ్గా తిరగేసి. ఇంకా ఆలస్యం కాలేదు, అదే క్లయింట్ కాల్‌లో, వాడు వినేటట్టు మాట సరిచెయ్.

ఒంగోలు_క్యూఏ:
నెత్తిన వేసుకోడం మంచిదే గానీ అదొక్కటే చాలదు బ్రో, నేను ఒప్పుకోను. రెండేళ్ల పిల్లోడికి శుక్రవారం రాత్రి ప్రొడక్షన్‌లో డిలీట్ చేసే పర్మిషన్ ఎందుకుంది? అది వాడిచ్చుకోలేదు కదా. ప్రొడక్షన్ స్క్రీన్ ఎర్ర రంగు పెట్టు, డేటా ముట్టుకునే ఏ కమాండ్‌కైనా రెండోమనిషి చూడాలని పెట్టు, అరపూట పని. మా పాత మేనేజర్ చాలా మంచోడు, అందర్నీ వెనకేసుకొచ్చేవాడు, కానీ క్లయింట్‌కి "కుదరదు" అని ఒక్కసారి కూడా చెప్పలేకపోయేవాడు, మేం వారం వారం శుక్రవారం రిలీజులతో చచ్చేవాళ్లం. లేట్ అయితే ఇంకో ముగ్గురిని తెచ్చి పడేసేవాడు. లేటైన ప్రాజెక్టులో మనుషుల్ని పెంచితే ఇంకా లేటవుతుందని ఫ్రెడ్ బ్రూక్స్ 1975లోనే రాశాడు, ఐబీఎంలో సొంతంగా అనుభవించి మరీ. ఏడుగురుంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన జతలు 21, పదిమందైతే 45, కొత్తోళ్లకి నేర్పేది మళ్లీ పాతోళ్లే. మంచితనంతో పాటు పని తెలిసి, అడ్డం నిలబడే ధైర్యం కూడా ఉండాలి.

మాగుంట_లేఅవుట్_డెవ్:
అందరికీ థ్యాంక్స్. అక్కా, మీరు బ్యాకప్ అడిగినాక రాత్రంతా అదే తిరిగింది మనసులో. ఈరోజు పొద్దున క్లయింట్ కాల్‌లో "ఆ పర్మిషన్ ఇచ్చింది నేను, చూసుకోకపోయింది నేను, పోయినసారి నేను అన్న మాట తప్పు" అని చెప్పా. క్లయింట్ రెండు సెకన్లు ఆగి తర్వాత పాయింట్‌కి పోయారు, అంతే. సాయంత్రం ఆ అబ్బాయే ఫోన్ చేశాడు, వారంలో మొదటిసారి. కాసేపు ఏదేదో మాట్లాడి చివర్లో "అన్నా, బ్యాకప్ మూడు వారాల నుంచి ఫెయిల్ అవుతా ఉంది, నేను లాగ్‌లో చూశా, చెప్తే నువ్వేం చేశావని నన్నే అంటారని చెప్పలా" అన్నాడు.

ఇప్పుడు ఇద్దరం కూర్చొని ఇంకో సర్వర్‌లో రీస్టోర్ చేసి చూస్తా ఉన్నాం, అరవై శాతం దగ్గరుంది.