మొన ఉన్న పెల్లెట్ కదా, మరి గురి ఎందుకు కుదరడం లేదు?

గురితప్పినోడు:
.177 (అంటే 4.5 మిల్లీమీటర్ల) స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ కొని మూడు నెలలైంది. మొన ఉంటే గాలిని చీల్చుకుంటూ పోయి లోతుగా దిగుతుందని సూదిమొన పెల్లెట్లు (చిన్న సీసం గుళ్లు) తెచ్చుకున్నా. 10 మీటర్లలో పర్వాలేదు గానీ 25 మీటర్లకు వెళ్లేసరికి ఐదు గుళ్లూ అరచేతంత మేర చెదిరిపోతున్నాయి. ఇదే గన్‌తో మా ఫ్రెండ్ గుండ్రటి తల పెల్లెట్లు కొడితే ఐదూ ఒకే చోట గుంపుగా పడ్డాయి. మొనది కదా బాగా పోవాల్సింది?

సీసంపిచ్చి:
డబ్బాలోంచి ఓ ఇరవై తీసి వెలుతురులో మొనలు చూడండి. సీసం మెత్తన కదా, ఒకదానికొకటి కొట్టుకుని కొన్ని మొనలు వంగి ఉంటాయి, కొన్ని మొద్దుబారి ఉంటాయి. మొన మధ్యగీత నుంచి కాస్త పక్కకు జరిగినా చాలు, తిరుగుతూ వెళ్లే పెల్లెట్ వంకర బొంగరంలా ఊగుతుంది. ఇక గాలిని చీల్చడం సంగతి అంటారా, అది ధ్వనిని మించి పోయే బుల్లెట్ లెక్క. మన పెల్లెట్ సెకనుకు 340 మీటర్ల (ధ్వని వేగం) లోపే పోతుంది, ఆ వేగంలో గుండ్రటి తల మొనకేమీ తీసిపోదు. దాన్ని నేరుగా ఉంచేది ముందు భాగం కాదు, సన్నటి నడుము, వెనక విచ్చుకున్న బోలు స్కర్ట్. షటిల్ కాక్ ఈకలు చేసే పనే అది చేస్తుంది.

పదిమీటర్లబ్యాచ్:
మరి 10 మీటర్ల పోటీల్లో అందరూ చదును తలవే ఎందుకు వాడతారని అడుగుతారేమో, ముందే చెప్తున్నా. అది కాగితానికి గుండ్రంగా, అంచులు చిరగకుండా చిల్లు పెడుతుంది. 10 మీటర్ల రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క 0.5 మిల్లీమీటర్లు, చిల్లు అంచు చిరిగిపోతే స్కోర్ దగ్గర గొడవే. దూరానికి మాత్రం పనికిరాదు, గాలికి అడ్డుపడి వేగం తొందరగా పడిపోతుంది.

సబ్బుశాస్త్రి:
లోతు సంగతి నేను చూశా. బట్టల సబ్బు బిళ్లలు వరసగా పేర్చి (వెనక మందపాటి చెక్క, కళ్లకు అద్దాలు, ఇవి లేకుండా ఎవరూ చేయకండి) నాలుగు రకాలూ కొట్టా. మొనది గుండ్రటిదాని కన్నా ఓ గోరు మందం ఎక్కువ దిగిందేమో, అంతే. చదునుది తక్కువ దిగింది గానీ చిల్లు వెడల్పుగా పడింది. హాలో పాయింట్ (తల మధ్యలో గుంట ఉండేది) తగలగానే విచ్చుకుంటుందని ఎదురుచూస్తే, తవ్వి తీశాక వేసినదాన్ని వేసినట్టే ఉంది! నా గన్ వేగం దానికి చాలలేదు. మొత్తానికి ఎంత లోతు దిగుతుందో తేల్చేది బరువూ, తగిలేటప్పటికి మిగిలిన వేగమూ.

గురితప్పినోడు:
ఇరవైలో ఏడు మొనలు వంకరే అండీ, ఒకటైతే కొక్కెంలా ఉంది. ఇంకో డౌట్, తేలికపాటి అల్లాయ్ పెల్లెట్లు వేగంగా పోతాయి కదా, అవి ట్రై చేయనా?

సీసంపిచ్చి:
వద్దు బ్రదర్. వేగం 340 దగ్గరికి వెళ్తే అక్కడే ఊగిసలాట మొదలవుతుంది. పైగా గట్టి లోహం, సీసంలాగా స్కర్ట్ ఉబ్బి బ్యారెల్‌కి అతుక్కోదు. గుండ్రటి తలవే 4.50, 4.51, 4.52 మిల్లీమీటర్ల తల సైజుల్లో తలా కొన్ని తెచ్చుకుని కొట్టి చూడండి, ఏది నచ్చుతుందో మీ బ్యారెలే చెప్తుంది. సైజు మార్చాక మొదటి ఓ పది పదిహేను షాట్లు లెక్కలోకి తీసుకోకండి.