సమస్య: చీఁకటియె వెలుఁగునుఁ జేర్చె మనకు

నిర్వాహకుడు: నిన్న రాత్రి కరెంటు పోయినప్పుడు తట్టిన పాదం. ఎరుక ఎలా పుడుతుందో చెప్పే పూరణలు కావాలి. దీపావళి మాత్రం వద్దు, పోయినసారి పదకొండు వచ్చాయి.

తెనాలి మాస్టారు:

తెలియ దనెడి వాఁడె తెలియఁగోరి యడుగు
నడుగ నడుగఁ దెలివి యంకురించు
నెఱుఁగ మనెడి నలుపె యెఱుకకు వేరయ్య
చీఁకటియె వెలుఁగునుఁ జేర్చె మనకు

వరంగల్ అక్కయ్య: ఎత్తుగడ బాగుంది మాస్టారూ. కానీ ఎవరిని అడగాలి? గురువుకే తెలియనిది లోకానికి ఎలా తెలిసింది? అక్కడిదాకా మీ పద్యం రాలేదు. నా పూరణ:

గుంటురందుఁ బగలు గ్రుంకఁగా సూర్యుండు
నంచు మంట రంగు లరసె నొకఁడు
మఱుదినమునఁ జూచె మసక లేకయె తాను
చీఁకటియె వెలుఁగునుఁ జేర్చె మనకు

1868 ఆగస్టు 18, సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్సు నుంచి గుంటూరు వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ కాంతిని రంగులుగా విడదీసి, సూర్యుడి అంచున ఎగసే మంటల వర్ణపట గీతలు చూశాడు. అవి ఎంత మెరిశాయంటే, మర్నాడు గ్రహణం లేకుండానే మళ్లీ పట్టుకున్నాడు. ఎక్కడ వెతకాలో చీకటి ఒక్కసారి చూపిస్తే చాలింది.

తెనాలి మాస్టారు: విషయం గొప్పది. కానీ "గుంటురందు" ఏమిటమ్మా? మా ఊరి దీర్ఘం ఎటు పోయింది? నా "హైదరబాదు"ను మీరు మూడు రోజులు వదల్లేదు, గుర్తుందా? నాలుగో గణంలో పెడితే ఊరు నిండుగా కూర్చుంటుంది:

గ్రుంకెఁ బగటిఱేఁడు గుంటూరు నడిమింట

వరంగల్ అక్కయ్య: దీర్ఘం తప్పు నాదే. "హైదరబాదు" తప్పు ఇప్పటికీ మీదే. అయినా నడిమింట ఎలా? అక్కడ గ్రహణం పట్టింది పొద్దుటిపూట. "గుంటూరి యుదయాన" అందాం.

తెనాలి మాస్టారు: ఉదయాన గ్రుంకడం! సమస్యలో ఇంకో సమస్య పెట్టారు. ఒప్పుకున్నాను.

డాలస్ తమ్ముడు: అయితే హీలియం మన గుంటూరులోనే దొరికిందన్నమాట!

వరంగల్ అక్కయ్య: అందుకే ఆ పేరు పద్యంలో పెట్టలేదు తమ్ముడూ. ఆ మంటల్లో కనిపించిన పసుపు గీత హీలియందని ఇప్పుడు తెలుసు, అప్పుడు చాలామంది సోడియందే అనుకున్నారు. ఆ అక్టోబరులో ఇంగ్లండులో లాక్యర్ అనే ఖగోళ శాస్త్రవేత్త గ్రహణం లేకుండానే చూసి, అది సోడియం గీత చోట లేదని పట్టుకున్నాడు. చూడటం ప్రత్యక్షం, కొత్త మూలకం అనడం అనుమానం, అంటే చూసినదాన్ని బట్టి ఊహించడం. పొగ కనిపించింది, నిప్పు చేతికి రాలేదు. 1895లో రసాయన శాస్త్రవేత్త రామ్‌సే యురేనియం ఖనిజం నుంచి వచ్చిన వాయువులో అదే గీత చూశాడు. మధ్యలో 27 ఏళ్లు. దాన్ని ఒక్క ఊరికీ ఒక్క రోజుకీ కట్టేస్తే నాకు మనసొప్పదు.

మాస్టారూ, ఇది రాస్తుంటే మీ "వేరయ్య" ఇప్పుడు అందింది. నలుపు ఎరుకకు మూలమనీ, ఎరుకకు భిన్నమనీ రెండర్థాలూ కావాలనే పెట్టారు కదూ?

తెనాలి మాస్టారు: పొద్దుటి నుంచి ఎవరు పట్టుకుంటారా అని చూస్తున్నానమ్మా.