ఒకటి, రెండు తరగతులకు టీవీ, ఫోన్ నెట్: నోరు తెరుచుకుని చూస్తున్నారు గానీ బుర్రకెక్కట్లేదు

చినుకు_టీచర్ (విజయనగరం జిల్లా):

అందరికీ నమస్తే. నేను ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక బడి టీచర్ని. ఒకటి, రెండు తరగతులు కలిపి ఒకే గదిలో 19 మంది. ప్రభుత్వ బడులు బాగుచేసే నాడు-నేడు పథకంలో మా బడికి స్మార్ట్ టీవీ వచ్చింది, నెట్ మాత్రం నా ఫోన్ హాట్‌స్పాటే. జూన్‌లో చాలా ఉత్సాహంగా మొదలుపెట్టాను, రోజూ ఒక రైమ్, ఒక కథ, ఒక అక్షరాల వీడియో. అవి నడుస్తున్నంతసేపూ చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం, హెచ్‌ఎం గారు కూడా గుమ్మంలోంచి తొంగిచూసి మెచ్చుకుని వెళ్లారు. తీరా కట్టేశాక "కుందేలు ఎక్కడ దాక్కుంది?" అని అడిగితే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఆ వెంటనే "టీచర్, ఇంకోటి పెట్టండి" అని గొడవ.

పోయిన వారం వీడియో మధ్యలో లోన్ యాప్ యాడ్ వచ్చింది. నేను రిమోట్ వెతుక్కునేలోపు రెండో తరగతి వాడొకడు ఆ యాడ్ మొత్తం గడగడా అప్పజెప్పేశాడు. ఎక్కాలు మాత్రం రావు.

ఇంకో తమాషా కూడా చెప్తాను. ఫోన్ స్క్రీన్ టీవీకి కలిపి ఉండగా మా ఆయన మెసేజ్ పైన ప్రత్యక్షమైంది, "పాలు తీసుకురా" అని. బడి తెరిచినప్పటి నుంచి పుస్తకం ముట్టని పిల్ల ఒకతి లేచి నిలబడి "పా... లు... పాలు... తీ... సు..." అని కూడబలుక్కుని చివరిదాకా చదివింది. క్లాసంతా ఒకటే నవ్వు, నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మరి వీడియోలు మానెయ్యాలా, లేక వేరేగా వాడాలా? నా దగ్గరున్నది ఒక టీవీ, ఒక ఫోన్, రోజుకి ఒకటిన్నర జీబీ. ట్యాబులు లేవు. దయచేసి యాప్‌ల లిస్టు మాత్రం ఇవ్వకండి, స్కూల్ కాంప్లెక్స్ మీటింగుల్లో ఆ లిస్టులు చాలా రాసుకున్నాను. మీ గదిలో నిజంగా పనిచేసింది ఒకటి చెప్పండి చాలు.

బలపం_సార్:

మేడం, ముందు ఆ యాడ్ల సంగతి. ఆన్‌లైన్‌లో నేరుగా ఏదీ ప్లే చెయ్యకండి. పుస్తకాల్లో క్యూఆర్ కోడ్లు ఉన్నాయి కదా, ఆ దీక్షా యాప్‌లో పాఠాన్ని ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకుంటే బడిలో నెట్ అక్కర్లేదు, యాడూ రాదు. ఫోన్‌ని టీవీకి కలిపే ముందు "డు నాట్ డిస్టర్బ్" పెట్టండి, పాల గొడవ కూడా ఉండదు :)

ఇక అసలు విషయం. వీడియో మొత్తం ఒక్క ఊపున చూపిస్తే ఏ పిల్లాడికైనా అంతే, పెద్దవాళ్లం మనకి సీరియల్ చూశాక ఏం గుర్తుంటుంది. నేను కథ వీడియోలు మానేసి కథ పుస్తకాన్నే టీవీ మీదకి తెచ్చాను. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో (2015 నుంచి ఉంది) తెలుగు కథలు బోలెడు, స్థాయిల వారీగా ఉంటాయి, ఉచితం, పీడీఎఫ్‌గా దించుకోవచ్చు. మొదటి స్థాయి కథల్లో పేజీకి ఒకటో రెండో వాక్యాలు, మిగతాదంతా బొమ్మే. బొమ్మ కదలదు చూడండి, అదే మనకి కావాల్సింది. ఒక్కో పేజీ దగ్గర నేను నోరు మూసుకుని నిలబడతాను. ఏం కనబడుతోందో వాళ్లు చెప్పాలి, తర్వాతి పేజీలో ఏం జరుగుతుందో కూడా వాళ్లే చెప్పాలి, అప్పుడు గాని పేజీ తిప్పను. పది పేజీల కథకి అరగంట పడుతుంది. గది మాత్రం నిశ్శబ్దంగా ఉండదు, మీ హెచ్‌ఎం గారికి ముందే చెప్పి పెట్టుకోండి.

రిటైర్డ్_హెచ్‌ఎం:

అమ్మా, ముప్పై నాలుగేళ్లు పాఠాలు చెప్పిన అనుభవంతో అడుగుతున్నాను, ఏమీ అనుకోకు. ఆరేళ్ల పిల్లకి ఇంటర్నెట్ ఎందుకు? అక్షరం కంటితో రాదు, చేతికి రావాలి. ఇసుకలో వేలు పెట్టి దిద్దించు, చింతగింజలతో 'అ' పేర్పించు, పలక మీద రాయించి చెరిపించు. కరోనా ఏడాది కేంద్రం 'ప్రజ్ఞాత' అని మార్గదర్శకాలు ఇచ్చింది. ఇళ్లలో గత్యంతరం లేని రోజుల్లో కూడా ఒకటి నుంచి ఎనిమిది తరగతులకి రోజుకి రెండు సెషన్లు, ఒక్కోటి 30-45 నిమిషాలు దాటొద్దంది, ఒకటో తరగతి కంటే చిన్నపిల్లలకైతే అరగంటే. ఇప్పుడు బడి తెరిచే ఉంది, ఎదురుగా టీచర్ ఉంది. ఇంటికెళ్తే ఎలాగూ ఫోనే. ఆ కాసేపైనా టీవీ లేకుండా ఉండనివ్వండి.

అడవిబాట (అల్లూరి జిల్లా ఏజెన్సీ):

చినుకు మేడం, ఆ పాలు మెసేజ్ దగ్గరే నేను ఆగిపోయాను. ఆ పిల్ల ఎందుకు చదివిందంటారు? పుస్తకంలో ఉన్నది ఏమిటో అందరికీ ముందే తెలుసు, చదివినా చదవకపోయినా ఏమీ మారదు. మెసేజ్ అలా కాదు, ఎవరో ఎవరికో నిజంగా పంపారు, అందులో ఏముందో ఇంకా ఎవరికీ తెలియదు. నేను రెండేళ్లుగా చేస్తున్నది ఇదే, మీకు అనుకోకుండా జరిగింది.

నాతో డైట్‌లో (టీచర్ ట్రైనింగ్ కాలేజీలో) చదువుకున్న స్నేహితురాలు భీమిలి వైపు సముద్రం పక్క ఊళ్లో పనిచేస్తుంది. వారానికి మూడు రోజులు పదిన్నరకి ఆమె క్లాసు నుంచి మా క్లాసుకి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వస్తుంది, టీవీ మీద పెద్దగా కనబడుతుంది. మొదటి రెండు నెలలూ ఒత్తులు లేని మాటలే రాయాలని మేమిద్దరం ఒప్పందం. "మా ఊరిలో వాన. మీ ఊరిలో?" అంతే. దాన్ని చదవడానికి కొట్టుకుంటారు. తర్వాత అందరూ పలకల మీద జవాబు రాస్తారు, అందులో ఒక పలక ఫోటో తీసి పంపుతాం. ఎవరి పలక పంపాలో చీటీ వేస్తాం, లేకపోతే గొడవలు.

ఒకసారి మావాడు "ఇకడ ఎండ" అని రాశాడు. నేను దిద్దలేదు, అలాగే పంపేశాను. అయిదు నిమిషాల్లో అటు నుంచి వాయిస్ మెసేజ్, ఓ పదిమంది ఒకేసారి అరుస్తున్నారు, "క కింద ఒత్తేదీ?" అని. మావాళ్లకి పౌరుషం వచ్చేసింది. ఆ వారమంతా వాళ్ల మెసేజ్‌లలో ఒత్తు తప్పు ఎక్కడ దొరుకుతుందా అని మావాళ్లు భూతద్దం పెట్టుకుని వెతికారు. క ఒత్తు నేను ప్రత్యేకంగా నేర్పనే లేదు.

నెలకోసారి వీడియో కాల్. విదేశాల బళ్లలో 'మిస్టరీ స్కైప్' అని ఆడించేవారు, అటువైపు క్లాసు ఎక్కడుందో అవును-కాదు ప్రశ్నలతోనే కనిపెట్టాలి. స్కైప్ 2025 మేలో మూతపడింది గానీ ఆట ఏ కాల్‌లోనైనా ఆడుకోవచ్చు. మేం ఊరు బదులు వస్తువు పెడతాం. వాళ్లు ఒక గంపలో ఏదో దాస్తారు, మావాళ్లు అడగాలి, "తింటారా? నీళ్లలో ఉంటుందా? ప్రాణం ఉందా?" ఒకసారి పీతని పెట్టారు, మేం వలిసె పూలు పెట్టాం. నా పిల్లల్లో సగం మంది ఇంట్లో కువి అనే గిరిజన భాష మాట్లాడతారు, తెలుగులో వాక్యం కూర్చడానికి జంకుతారు. ఆ గంపలో ఏముందో తెలుసుకోవాలన్న ఆత్రంలో ఆ జంకు మర్చిపోతారు.

సిగ్నల్ సంగతి అడక్కండి. మా బడి గోడెక్కితే రెండు గీతలు. అందుకే వీడియో కాల్ నెలకోసారే, మెసేజ్‌కి మాత్రం ఒక గీత చాలు.

రిటైర్డ్_హెచ్‌ఎం:

ఈ మాట బాగుంది. కానీ దీనికి వాట్సాప్ ఎందుకు, మా కాలంలో కార్డు ముక్క మీద ఉత్తరాలు రాయించేవాళ్లం. యాభై పైసల కార్డు, చేతిరాత కూడా వచ్చేది.

అడవిబాట:

సార్, ముందు నేనూ కార్డులతోనే మొదలుపెట్టాను! రాయడం బాగానే రాశారు. జవాబు వచ్చేసరికి తొమ్మిది రోజులు పట్టింది, అప్పటికి మేం ఏం అడిగామో ఒకటో తరగతి వాళ్లెవరికీ గుర్తు లేదు. నాలుగో తరగతికైతే కార్డే బాగుంటుంది, ఎదురుచూడటం కూడా ఒక పాఠమే. ఆరేళ్ల వాళ్లకి అడిగిన పూటే జవాబు రావాలి. నాకు ఇంటర్నెట్‌తో ఉన్న పని ఆ ఒక్కటే. రాయడం మాత్రం ఇప్పటికీ పలక మీదే సార్, మీరు చెప్పినట్టే.

నల్లబల్ల (ఖమ్మం):

నాది వేరే సమస్య, వేరే మందు. మా దగ్గర టీవీ కూడా లేదు, నా ఫోనే. అడిగిన ప్రతిదానికీ ముందు బెంచీ నలుగురే చెప్పేవాళ్లు, వెనక కూర్చున్నవాళ్లకి వచ్చో రాదో తెలిసేది కాదు. ప్లికర్స్ అని ఒక యాప్ ఉంది. దాని వెబ్‌సైట్ నుంచి కార్డులు ప్రింట్ తీసుకోవాలి, ఒక్కో పిల్లాడికి ఒక్కో కార్డు, ప్రతి కార్డు మీదా ఒక వేరే నల్ల ఆకారం. నాలుగు పక్కలకీ ఏ, బీ, సీ, డీ అని చిన్న అక్షరాలు ఉంటాయి, జవాబు ఏదైతే ఆ అక్షరం పైకి వచ్చేలా తిప్పి పట్టుకోవాలి. నేను ఫోన్ కెమెరా గది అంతా తిప్పితే ఎవరు ఏం చెప్పారో స్క్రీన్ మీద వచ్చేస్తుంది. అందరి ఆకారాలూ వేరు కాబట్టి పక్కవాడి కార్డు చూసి అలాగే తిప్పినా కుదరదు.

పుస్తకాల్లో రాయనివి కొన్ని చెప్తాను. ఒకటో తరగతికి ఏబీసీడీ తికమక, అందుకే అంచుల మీద ఎరుపు, పసుపు, పచ్చ, నీలం చుక్కలు అంటించాను, "పచ్చ చుక్క పైకి" అంటే చాలు. లామినేషన్ చేయించొద్దు, వెలుగు పడి మెరిసి కెమెరాకి అందదు, నా నూట ఇరవై రూపాయలు అలాగే పోయాయి. మందపాటి అట్టకి అంటించండి. వేళ్లు ఆకారం మీద పెట్టకుండా రెండు చేతులా అంచులు పట్టుకోవడం నేర్పడానికే రెండు రోజులు పట్టింది. దీనివల్ల నాకు తెలిసిందేమిటంటే, 'మ'కీ 'య'కీ తేడా తెలియనివాళ్లు తొమ్మిది మంది, నేను ఇద్దరే అనుకుంటున్నాను.

ఇద్దరు_పిల్లల_నాన్న:

టీచర్లు కాని వాళ్లు రాయొచ్చో లేదో తెలియదు. మా పాప ఒకటో తరగతి, ప్రైవేటు బడి. రోజూ సాయంత్రం యాప్‌లో హోంవర్క్. నేను ఎనిమిదింటికి ఇంటికొస్తే అప్పుడు ఫోన్ దానికివ్వాలి, అది హోంవర్క్ రెండు నిమిషాలు చేసి మిగతా గంట బొమ్మలు చూస్తుంది, లాక్కుంటే ఏడుపు. బడిలో మీ కళ్ల ముందు ఏం చేసినా మంచిదే, ఇంటికి మాత్రం పంపకండి. ఇంకోటి, పిల్లల ఫోటోలు గ్రూపుల్లో, స్టేటస్‌లో పెడుతున్నారు, మమ్మల్ని ఒక్కమాట అడగరు.

అడవిబాట:

సరిగ్గా చెప్పారండీ. మేం పలక ఫోటోనే తీస్తాం, మొహం రాకుండా. వీడియో కాల్ సంగతి మొదట్లోనే తల్లిదండ్రుల మీటింగులో చెప్పి ఒప్పుకున్నాకే మొదలుపెట్టాం, ఇద్దరు వద్దన్నారు, ఆ ఇద్దరినీ కెమెరాకి ఇవతల కూర్చోబెట్టి గంప దగ్గర కాపలా పెడతాం. అదే పెద్ద పదవి అనుకుంటున్నారు. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ల లోపు అందరూ పిల్లలే. చట్టం సంగతి ఎలా ఉన్నా, అడగడం మర్యాద.

చినుకు_టీచర్:

మూడు వారాల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమనుకోకండి, మధ్యలో ప్రభుత్వ యాప్‌లలో వివరాలు నింపడంతోనే సరిపోయింది.

బలపం సార్ పద్ధతి మొదటి రోజే పనిచేసింది. పేజీ తిప్పకుండా నిలబడటం నాకే కష్టమైంది, నోరు ఊరుకోదు కదా. ప్లికర్స్ మొదలుపెట్టాను, కార్డులు తలకిందులుగా పట్టుకుంటున్నారు, ఇంకో వారం చూడాలి. గూగుల్ ఎర్త్ కూడా ఒకరోజు పెట్టాను, భూమి మొత్తం నుంచి మా ఊరి చెరువు దాకా దిగాం. అద్భుతం అంటారనుకున్నాను. ఒకడు "మా అమ్మ ఇప్పుడు వాకిట్లో బట్టలు ఉతుకుతోంది, కనబడదేం?" అన్నాడు. అది పాత ఫోటో అని చెప్తే మొత్తం క్లాసుకి ఆసక్తి పోయింది. అడవిబాట గారు చెప్పిందే మళ్లీ, ఇప్పటిది కాకపోతే వీళ్లకి లెక్కలోకి రాదు.

మెసేజ్‌ల కోసం పార్వతీపురం వైపు ఒక సార్ దొరికారు. ఇప్పటికి ఆరు మెసేజ్‌లు అయ్యాయి. రిటైర్డ్ హెచ్‌ఎం గారూ, మీ ఇసుక కూడా తెచ్చాను, మెసేజ్‌లో వచ్చిన కొత్త మాటని ముందు ఇసుకలో రాసి తర్వాత పలక మీదకి వెళ్తున్నాం. పాలు చదివిన పిల్ల ఇప్పుడు మెసేజ్‌లు చదివే లీడర్. పుస్తకం మాత్రం ఇంకా ముట్టట్లేదు, అబద్ధం ఎందుకు.

ఈ ఉదయం మేం "మీ బడిలో ఏ చెటు ఉంది?" అని పలక ఫోటో పంపాం, ఒత్తు కావాలనే వదిలేశాను, వాళ్లు పట్టుకుంటారో లేదో చూద్దామని. అక్కడ వాన, సిగ్నల్ లేనట్టుంది. మధ్యాహ్న భోజనం పళ్లేలు కడుక్కుని వచ్చి ఇప్పుడు అందరూ నా కుర్చీ చుట్టూ మూగారు, "ఒక టిక్కే ఉంది టీచర్, రెండోది ఇంకా పడలేదు" అంటున్నారు.